హావ్‌లాక్ ఎందుకెళ్లలేదంటే: పోర్ట్ బ్లెయిర్‌లో మా సంక్రాంతి తర్వాతి సెలవులు

ప్రతి ఏడూ సంక్రాంతి అయ్యాక, ఇంట్లో అరిసెలు ఇంకా మెత్తగా ఉన్నప్పుడే ఓ స్టీలు డబ్బా నిండా సర్దుకుని మా గ్యాంగ్ వైజాగ్ నుంచి పోర్ట్ బ్లెయిర్ వెళ్లిపోతాం. 2024 సెప్టెంబర్‌లో ఊరి పేరు శ్రీ విజయపురం అని మార్చారు, బోర్డులు మారాయి, ఆటోవాళ్లు మారలేదు, మేమూ మారలేదు. వెళ్లొచ్చాం అనగానే ఆఫీసులో అయినా ఇంట్లో అయినా ఫస్ట్ అడిగేది "హావ్‌లాక్ ఎలా ఉంది? నీల్ చూశారా?" అనే (అండమాన్ వచ్చిన టూరిస్టులంతా ఇక్కణ్నుంచి పడవెక్కి వెళ్లే దీవులు). చూళ్లేదు. అదేంటి అంత దూరం వెళ్లి అంటారు. ఓసారి వెళ్లాం, బాగానే ఉంటుంది, నీళ్లు నీలంగా ఉంటాయి, ఫొటోలు బాగా వస్తాయి, కానీ మాకు నచ్చింది ఈ ఊరు. అందరూ దీన్ని బస్టాండులా వాడుకుని దిగిన పూటే పడవెక్కేస్తారు, మేం బస్టాండులోనే మకాం పెట్టేస్తాం.

గ్యాంగ్ అంటే నేను, మేష్టారు (నిజంగానే స్కూల్ టీచరు, ఖర్చుల పుస్తకం ఆయన దగ్గరే), బావ (ఎవరికీ బావ కాదు, కాలేజీలో మొదలైంది అలా ఉండిపోయింది), ఇంక మా బ్యాంకోడు. ఈసారి పిల్లలెవరూ రాలేదు, పరీక్షలు.

ఆదివారం, జంగ్లీఘాట్

లాడ్జిలో బ్యాగులు పడేసి స్నానం చేసొచ్చేసరికే చొక్కా మళ్లీ తడిసిపోయింది. వైజాగ్‌లో తెల్లారి దుప్పటి తీయబుద్ధి కాని టైంలో ఇక్కడ ఫ్యాన్ ఫుల్‌లో పెట్టినా చాలట్లేదు. లాడ్జి కుర్రాడు తాళాలిస్తూ బకెట్లు నింపేసుకోండి సార్ అన్నాడు. చుట్టూ సముద్రమే కానీ తాగడానికి, వాడకానికి ఊరికి నీళ్లు వచ్చేది ధనీఖరి డ్యామ్ నుంచి, ఎండలు ముదిరితే రోజు విడిచి రోజు కూడా కష్టమే, అందుకని ఇక్కడ ప్రతి ఇంటి ముందూ నల్ల ట్యాంకులు, డ్రమ్ములు కనిపిస్తాయి.

ఆకలికి నేరుగా జంగ్లీఘాట్ చేపల మార్కెట్టుకి పోయాం. ఈ ఏరియాలో అడుగు పెడితే మనకి ఊరు మారినట్టే అనిపించదు, "ఏటి ఈ రేటు, నిన్న ఇలాగ నేదు గదా" అని పక్కా సిక్కోలు తెలుగు వినిపిస్తుంది. అండమాన్‌లో బెంగాలీలు, తమిళులతో పాటు తెలుగువాళ్లు కూడా బాగా ఎక్కువ, శ్రీకాకుళం, విశాఖ జిల్లాల నుంచి వచ్చినవాళ్లే చాలామంది, చేపల వేట మీద వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు ఈ జంగ్లీఘాట్ చుట్టూ ఉంటాయి. ఇక్కడ తెలుగు మీడియంలో చదువుకునే బడులున్నాయి, ఆంధ్రా అసోసియేషన్ ఉంది. అయినా తమాషా ఏంటంటే చేపలమ్మే ఆవిడ మాతో తెలుగు, పక్క బేరంతో బెంగాలీ, ఐసు తెచ్చిన కుర్రాడితో హిందీ, మూడూ ఒకే గుక్కలో మాట్లాడేస్తుంది. ఊరందరికీ ఉమ్మడి భాష హిందీయే, అదీ ఢిల్లీ హిందీ కాదు, లింగాలు గింగాలు పెద్దగా పట్టించుకోని హిందీ, మనలాంటోళ్లకి భలే సుఖం.

మేష్టారు వైజాగ్ హార్బర్ రేట్లన్నీ మనసులో పెట్టుకుని వస్తాడు. వంజరం దగ్గర నిలబడి బేరం మొదలుపెట్టాడు. ఆవిడ చేప మొప్ప మూత ఎత్తి, ఎర్రగా ఉన్న మొప్ప కింద వేలు పెట్టి చూపించి, కన్ను నొక్కి చూపించి, "బాబూ, ఇది పొద్దున్న సముద్రంలో ఉంది, నువ్వు విమానంలో ఉన్నావ్" అంది. బేరం అయిపోయింది. రెండు కిలోల వంజరం, కాసిన్ని కవ్వలు తీసుకుని పక్క సందులో ఓ మెస్‌కి ఇచ్చాం. చేప మనం తెచ్చుకుంటే వండి పెట్టడానికి, అన్నం, రసంతో కలిపి మనిషికి నూట యాభై తీసుకున్నారు. చింతపండు పులుసు, అందులో బెండకాయ ముక్కలు, పచ్చిమిర్చి నిలువుగా చీల్చి వేశారు. కవ్వలు మాత్రం పసుపు, కారం, ఉప్పు తప్ప ఏం పెట్టకుండా కొబ్బరినూనెలో వేయించారు, తోక కరకరలాడి నడుం దగ్గర మాత్రం మెత్తగా ఉంది, ముల్లుతో సహా నమిలేశాం. బావ మూడోసారి అన్నం పెట్టించుకుంటే ఆ మెస్ అక్క "తిను తమ్ముడూ, మొహమాటం నేదు" అని గరిటె నిండా పులుసు పోసింది. కూరగాయల కూర అడగొద్దు ఇక్కడ, సగం కూరగాయలు మెయిన్‌ల్యాండ్ నుంచి షిప్పులో రావాలి, షిప్పు లేటయితే టమాటా రేటు చూసి నవ్వాలో ఏడవాలో తెలీదు. (మనం వాళ్లకి మెయిన్‌ల్యాండోళ్లం. "మెయిన్‌ల్యాండ్ సే?" అనే ప్రశ్న రోజుకి పదిసార్లు వస్తుంది.)

తిని కునుకు తీసి లేచి టీ తాగి బీచ్‌కి వెళ్దాం అనుకునేసరికి చీకటి. ఇదొక్కటి మాత్రం ఏటా వచ్చినా ఒంటికి పట్టదు. మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశం లెక్క, ఈ ఊరేమో 92.7 దగ్గర ఉంది, అంటే సూర్యుడి ప్రకారం ఇక్కడోళ్లు మన గడియారం కన్నా నలభై నిమిషాలు ముందున్నారు. జనవరిలో ఐదున్నర లోపే పొద్దు గుంకేస్తుంది. అందుకే ఊరు కూడా తొందరగా లేస్తుంది, తెల్లారి ఐదున్నరకి టిఫిన్ కొట్లు తెరిచి ఇడ్లీ ఆవిర్లు కక్కుతుంటాయి.

సోమవారం, చాథమ్, అవతలి ఒడ్డు

చాథమ్ అంటే చిన్న దీవి, వంతెన మీద నుంచి నడిచి వెళ్లిపోవచ్చు. అక్కడ 1883లో పెట్టిన రంపపు మిల్లు ఇంకా నడుస్తోంది. పడౌక్ దుంగలు, ఎర్రటి చెక్క, లోపల ఆ పొట్టు వాసన ముక్కులో రెండు గంటలు ఉండిపోతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబు పడ్డ గొయ్యి కూడా చూపిస్తారు. బ్యాంకోడు పడౌక్ కుర్చీ ఒకటి చూసి మనసు పారేసుకున్నాడు, దాన్ని విమానంలో ఎలా తెస్తావురా అంటే ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడు.

చాథమ్ జెట్టీ నుంచి బాంబూఫ్లాట్‌కి ఫెర్రీ, టికెట్ చిల్లర డబ్బులే. స్కూటర్లు, జీపులు, కోళ్ల గంపలు, యూనిఫాం పిల్లలు అందరం కలిసే. టూరిస్టు పడవలకి వేలు పోసేవాళ్లు ఈ ఫెర్రీ ఒక్కటి ఎక్కితే చాలు అని నా ఉద్దేశం, పోర్ట్ బ్లెయిర్ హార్బర్ మొత్తం పావుగంటలో చుట్టూ తిరిగి కనిపిస్తుంది. ఒకామె నా పక్కన కూర్చుని పాన్ చుట్టుకుంటూ, వక్క నోట్లో వేసుకుని, సున్నం వేలి కొసన ఉంచుకుని అవతలి ఒడ్డు దాకా ఆ వేలు అలాగే గాల్లో పెట్టుకుంది, పడవ కుదుపుకి ఎక్కడ చీరకి అంటుకుంటుందో అని.

అటుపక్క జీపు మాట్లాడుకుని కొండెక్కాం. పాత పేరు మౌంట్ హారియట్, 2021లో మౌంట్ మణిపూర్ అయింది. 1891లో ఇంగ్లీషోళ్లతో యుద్ధం చేసిన మణిపూర్ మహారాజు కులచంద్ర సింగ్‌ని, ఆయనతో పాటు మరికొందరిని తెచ్చి ఈ కొండ మీదే ఉంచారు, ఆ గుర్తుగా పేరు. ఎత్తు 383 మీటర్లు. కొండ కింద హోప్‌టౌన్ జెట్టీ దగ్గరే 1872 ఫిబ్రవరి 8న వైస్రాయి లార్డ్ మేయోని షేర్ అలీ అనే ఖైదీ పొడిచి చంపేశాడు, ఈ ముక్క చెప్పేటప్పుడు మేష్టారి గొంతు క్లాసు గొంతైపోతుంది.

దారిలో ఒక మలుపు దగ్గర డ్రైవర్ తనే ఆపేస్తాడు. మేష్టారు పర్సులోంచి ప్లాస్టిక్ కవర్లో దాచుకున్న పాత ఎర్ర ఇరవై రూపాయల నోటు తీశాడు. వెనక బొమ్మలో కొబ్బరి చెట్లు, నీళ్లు, అవతల కొండ మీద లైట్‌హౌస్. ఎదురుగా చూస్తే అదే, నార్త్ బే లైట్‌హౌస్. నోటు పట్టుకుని ఒక కన్ను మూసి, కొండ గీతకి కొండ గీత కలిసేదాకా ముందుకీ వెనక్కీ జరిగాడు. ఇప్పుడు కొబ్బరి చెట్లు పెరిగి సగం అడ్డొస్తున్నాయి. పక్కన గుజరాతీ ఫ్యామిలీ ఒకటి మా నోటు అప్పు తీసుకుని ఫొటోలు దిగి వెళ్లారు, మేష్టారు నోటు తిరిగి చేతికొచ్చేదాకా వాళ్ల మీంచి కళ్లు తీయలేదు.

తిరిగొచ్చి అబెర్డీన్ బజార్లో దిగాల్సింది, బావ మాత్రం షార్ట్‌కట్ తెలుసు అన్నాడు. ఈ ఊరంతా కొండలు, రోడ్డు ఎక్కి దిగి ఎక్కి దిగి పోతుంటుంది, సందులు మెట్లుగా మారిపోతాయి, మెట్లు ఎవరి పెరట్లోకో తేలతాయి. మేం షాదీపూర్ వైపు ఒక పెరట్లో తేలాం. చేపలు ఎండబెడుతున్న ఒక ముసలామె తలెత్తి, "ఏటి బాబూ ఎతుకుతున్నారు?" అంది. మేం తెలుగోళ్లం అని మా మొహాల్లోనే తెలిసిపోయిందేమో. కూచోబెట్టి నీళ్లిచ్చింది. పెళ్లయి చిన్నప్పుడే షిప్పులో వచ్చిందంట, "మూడ్రోజులు వాంతులే బాబూ, భూమి కనబడితే దేవుడు కనబడినట్టయింది." కళింగపట్నం ఎరికేనా అని అడిగింది. ఎరికే అన్నాం, లైట్‌హౌస్, నది కలిసే చోటు, ఇవి చెప్తే తల ఊపుతూ వింది. ఇంతలో మనవడు లోపల్నుంచి "నానీ, చార్జర్ కహా హై" అన్నాడు. "ఆడికి తెలుగు అర్తమవుద్ది, మాటాడ్డు" అని మాకు చెప్పి, వాడికి తెలుగులోనే జవాబిచ్చింది. డబ్బాలో అరిసెలు నాలుగు ఇస్తే ఒకటి విరిచి వాసన చూసి, "కొత్త బెల్లం" అంది. వచ్చేటప్పుడు ఎండు చేపలు ఒక పొట్లం చేతిలో పెట్టింది, వద్దన్నా ఊరుకోలేదు.

మంగళవారం, వండూర్, జాలీ బాయ్

ఇది మాత్రం పక్కా టూరిస్టు పని. జాలీ బాయ్ అంటే మహాత్మాగాంధీ మెరైన్ నేషనల్ పార్కులో చిన్న దీవి, వర్షాకాలంలో మూసేస్తారు. పర్మిట్టు, పడవ, ఊర్నుంచి వ్యాను అన్నీ కలిపి తలకి వెయ్యి దాటింది.

వండూర్ వెళ్లే దారిలో సిప్పీఘాట్ వస్తుంది. రోడ్డుకి పక్కనే చెరువులా నీళ్లు, మధ్యలో ఎండిన మోళ్లు. కొత్తగా వచ్చినవాళ్లు అందంగా ఉందని ఫొటో తీస్తారు. అవి వరి పొలాలు. 2004 డిసెంబర్ 26 భూకంపానికి ఈ దీవి ఈ పక్క ఒక మీటరు దాకా కిందికి దిగిపోయింది, సునామీ నీళ్లు వచ్చి పోవడం కాదు, నేలే కుంగడంతో సముద్రం పోటుకల్లా లోపలికొచ్చి అక్కడే ఉండిపోయింది. మా వ్యాను డ్రైవర్ రాంచీ వైపు నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ల మూడో తరం, అతని మేనమామ పొలం కూడా అందులో ఉందంట. చెయ్యి చూపించి "వో ఖంబా దేఖా? ఉస్కే పాస్" అన్నాడు అంతే, గేరు మార్చి పోనిచ్చాడు.

వండూర్ దగ్గర ప్లాస్టిక్ చెకింగ్. ఇది ఉత్తుత్తి చెకింగ్ కాదు, బ్యాగు మొత్తం తీసి చూస్తారు. నీళ్ల సీసాకి డిపాజిట్ కట్టాలి, తిరిగొచ్చి సీసా చూపిస్తేనే డబ్బులు వెనక్కి. బావ దగ్గర చిప్స్ ప్యాకెట్లు దొరికాయి. ప్యాకెట్టు పోదు, చిప్స్ పోవచ్చు అన్నాడు గార్డు. సరే అని అరిసెల డబ్బాలో పోసేశాడు, ఆ రోజంతా అరిసెలు మసాలా వాసన, చిప్స్ నువ్వుల వాసన. స్టీలు డబ్బా చూసి ఆ గార్డు మాత్రం చాలా సంతోషించాడు, "ఐసా లానా చాహియే" అని పక్కవాళ్లకి ఎత్తి చూపించాడు, బ్యాంకోడు ఒక అరిసె ఇస్తే డ్యూటీలో తినకూడదని జేబులో పెట్టుకున్నాడు.

మడ అడవుల మధ్య పడవ ప్రయాణం, మొసళ్లున్నాయి జాగ్రత్త అని బోర్డులు (ఉన్నాయి నిజంగానే, ఉప్పునీటి మొసళ్లు, వండూర్ బీచ్‌లో స్నానాలకి వల కట్టిన చోటు వేరేగా ఉంటుంది). దీవి దగ్గర పెద్ద పడవ దూరంగా ఆగితే అడుగున అద్దం ఉన్న చిన్న పడవలోకి మారాలి. పగడాలు చూశాం. నీళ్లలో మొహం పెట్టి ఈత కొడితే చిలకపచ్చ చేప ఒకటి రాయిని కొరుకుతున్న చప్పుడు వినిపించింది, కటకట అని, నీళ్లలో అంత స్పష్టంగా వినపడుతుందని నాకు తెలీదు. గవ్వ ఒక్కటి కూడా తీసుకురాకూడదు, ఎయిర్‌పోర్టులో పట్టుకుంటారు.

బుధవారం, సెల్యులార్ జైలు

ఏటా వస్తాం కదా ఏటా జైలు ఎందుకు అని బ్యాంకోడు ప్రతిసారీ గొణుగుతాడు, ప్రతిసారీ వస్తాడు. టికెట్ ముప్ఫై రూపాయలు. 1896లో మొదలుపెట్టి 1906కి పూర్తి చేశారు, ఏడు రెక్కలు, మధ్యలో టవర్, ఇప్పుడు మిగిలింది మూడు రెక్కలే. పడగొట్టిన చోట ఇప్పుడు గోవింద్ వల్లభ్ పంత్ ఆస్పత్రి ఉంది, ఒక పక్క టూరిస్టులు, ఒక పక్క ఓపీ చీటీల లైను.

గైడు అక్కర్లేదు, గొళ్లెం ఒక్కటి చూస్తే చాలు. తలుపు ఇనప ఊచలది, దాని గడియ బారుగా పక్కకి సాగి గోడలో ఒక గూటిలోకి పోతుంది, తాళం అక్కడ. లోపల్నుంచి చెయ్యి ఎంత చాచినా అందదు. నేను లోపలికెళ్లి ఊచల్లోంచి భుజం దాకా చెయ్యి బయటపెట్టి చూశాను, ఇంకా జానెడు పైనే మిగిలింది. ఒక్కో రెక్క ముందుభాగం ఎదుటి రెక్క వీపుకి ఎదురుగా కట్టారు, ఒక ఖైదీ ఇంకో ఖైదీ మొహం చూడకూడదని. కింద షెడ్డులో గానుగ, రోజుకి ముప్ఫై పౌండ్ల కొబ్బరినూనె తీయాలి, ఎద్దు బదులు మనిషి.

టవర్లో పాలరాతి పలకల మీద రాష్ట్రాల వారీగా పేర్లు. మేష్టారు అక్కడ అరగంట నిలబడిపోయి మనోళ్ల సంగతి చెప్పాడు. అల్లూరి సీతారామరాజు దండులోని గాం మల్లుదొరని ఇక్కడికే పంపారు, బయటపడి, 1952 మొదటి ఎన్నికల్లో విశాఖ నుంచి లోక్‌సభకి వెళ్లాడు. కాకినాడ బాంబు కేసు భయంకరాచారి (పూర్తి పేరే ప్రతివాది భయంకరాచారి) కూడా ఇక్కడే ఉన్నాడు. 1933 నిరాహారదీక్షలో బలవంతంగా గొట్టంతో పాలు పోసి మహావీర్ సింగ్, మోహన్ కిశోర్ నామదాస్, మోహిత్ మైత్రా ముగ్గురిని పోగొట్టారు. మా వెనకాల ఒక కాలేజీ బ్యాచ్ సెల్ఫీలు దిగుతూ గోల చేస్తోంది, మేష్టారు వాళ్లని గద్దించకుండా వాళ్లని కూడా పిలిచి చెప్పడం మొదలెట్టాడు, సగం మంది జారుకున్నారు, ఒక అమ్మాయి మాత్రం చివరిదాకా నిలబడి నోట్సులో పేర్లు రాసుకుంది.

సాయంత్రం సౌండ్ అండ్ లైట్ షో. ఆవరణలో రావిచెట్టు కథ చెప్తున్నట్టు ఉంటుంది. దోమల మందు రాసుకుని వెళ్లండి, అంతకన్నా చెప్పను.

రాత్రి అబెర్డీన్ బజార్లో గడియారం స్తంభం దగ్గర బెంగాలీ హోటల్లో ఆవపిండి వేసిన చేపల కూర. ఘాటు ముక్కుకెక్కింది, బాగుంది, కానీ బావ మెస్ అక్క పులుసునే తలుచుకున్నాడు. నలుగురికి ఎనిమిది వందలు చిల్లర. ఇదే బజార్లో ఒకప్పుడు ఇంటికి ఫొటో పంపాలంటే అర్ధరాత్రి దాకా కూర్చునేవాళ్లం, 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం కింద కేబుల్ వేశాక వీడియో కాల్ కూడా ఆడుతోంది. నిజం చెప్పాలంటే నెట్ లేని రోజులే బాగుండేవి, ఆఫీసోళ్లు ఫోన్ చేసేవాళ్లు కాదు.

గురువారం, రాస్, చిడియా టాపు

రాస్ గురించి క్లుప్తంగా. పడవలో పదిహేను నిమిషాలు, ఇప్పుడు నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్. ఇంగ్లీషోళ్ల చర్చి గోడల్ని మర్రి జాతి చెట్ల వేళ్లు చుట్టేసుకున్నాయి, ఇటుక కనపడదు, వేళ్లే గోడ. జింకలు మనుషుల చేతులు నాకేస్తాయి. జనం ఎక్కువ. చాలు.

చిడియా టాపుకి మోహన్‌పురా నుంచి సిటీ బస్సులో వెళ్లాం, ఆటో అయితే రానూపోనూ పదిహేను వందలు అన్నాడు, బస్సుకి నలుగురికీ కలిపి ఆటోవాడి టీ ఖర్చంత. బస్సులో సీట్లు లేవు, ఒక పెద్దాయన తన ఒళ్లో ఉన్న పనసకాయ కాళ్ల దగ్గర పెట్టి మేష్టారికి చోటిచ్చాడు, దిగేదాకా ఆ పనసకాయ దొర్లకుండా మేష్టారే కాళ్లతో పట్టుకోవాల్సొచ్చింది. ఇక్కడ బస్సులో ముసలాళ్లకి లేచి సీటివ్వడం, రోడ్డు దాటేవాళ్లకి బండి ఆపడం ఇంకా ఉన్నాయి, హారన్ కూడా తక్కువ, వైజాగ్ వచ్చాక జగదాంబ జంక్షన్లో చెవులు పోయాయి.

అక్కడ పొద్దు గుంకడం చూడ్డానికే అందరూ వస్తారు. మబ్బేసింది. ఏం కనపడలేదు. కొబ్బరి బోండాలు తాగి, అరవై రూపాయలు ఒక్కోటి, లోపల మీగడ గీకించుకుని తిని, ఆఖరి బస్సు ఎక్కాం. ఆఖరి బస్సు టైం ముందే కండక్టర్ని అడిగి పెట్టుకోండి, లేకపోతే ఆ పదిహేను వందలు తప్పవు.

శుక్రవారం, లెక్కలు

లాడ్జిలో వేడినీళ్లకి విడిగా బిల్లు వేశారు, ఆ వేడినీళ్లు మేం ఎప్పుడూ చూళ్లేదు, మేష్టారు పావుగంట వాదించి కొట్టేయించాడు. ముసలామె ఇచ్చిన ఎండు చేపల పొట్లానికి నాలుగు కవర్లు చుట్టినా వాసన ఆగలేదు, విమానంలో పై అరలో పెట్టాక ముందు సీటాయన రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు, మేం కూడా వెనక్కి తిరిగి చూశాం.

ఇంటికొచ్చాక మేష్టారు లెక్క పంపాడు: విమానం తీసేస్తే, తిండీ తిరుగుడూ గదీ కలిపి మనిషికి పదకొండు వేలు దాటలేదు. బావ ఆ లెక్క చూసి వచ్చే ఏడాది విమానం కూడా తీసేద్దాం, వైజాగ్ నుంచి షిప్పులో పోదాం అంటున్నాడు. రెండు రోజుల పైన సముద్రం మీద. ఆ షిప్పు నెలకో రెణ్నెల్లకో ఒకటి ఉంటుంది, మన సెలవుల్ని బట్టి అది రాదు, అది వచ్చినప్పుడు మనం సెలవు పెట్టుకోవాలి. నేనూ మేష్టారూ సరే అన్నాం. బ్యాంకోడు ఆ ముసలామె వాంతుల సంగతి గుర్తు చేస్తున్నాడు, పైగా షిప్పయితే పడౌక్ కుర్చీ తెచ్చుకోవచ్చు కదరా అంటే మాత్రం ఆలోచించి చెప్తానన్నాడు.